‘ఇవాళ కాదు’ అనే కొట్టు

పెళ్లి సంబంధం వస్తే అటు మేనమామ దాకా, ఇటు మేనత్త దాకా ఆరా తీస్తారు. బంగారం కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగి హాల్‌మార్కు చూస్తారు. కారు ముందద్దం పగిలితే మాత్రం రోడ్డు మీద మొదట కనిపించిన కొట్టు ముందు ఆపేసి, రెండే ప్రశ్నలు అడుగుతారు... ఎంతవుతుంది? ఎంతసేపవుతుంది? నిజానికి ఆ రెండూ చిట్టచివర అడగాల్సినవి.

‘అద్దమే కదా’ అన్న చిన్నచూపే దీనికంతటికీ కారణం. అంబాసిడర్లు, మారుతి 800లు తిరిగిన రోజుల్లో అది కొంతవరకు నిజమే. అద్దం చుట్టూ రబ్బరు బీడింగు ఉండేది. మిస్త్రీ ఆ గాడిలో తాడు పెట్టి లోపలి నుంచి లాగుతూ అద్దాన్ని చట్రంలో కూర్చోబెట్టేవాడు. ఇప్పటి కార్లలో అలా కాదు. ముందద్దాన్ని పాలీయురేథేన్ అనే గట్టి జిగురుతో బాడీకే అతికిస్తారు. బండి పల్టీ కొడితే పైకప్పు కుంగకుండా కాసే వాటిలో ఆ అద్దం కూడా ఒకటి. చాలా కార్లలో పక్క సీటు ముందుండే ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నప్పుడు అద్దాన్నే ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది. జిగురు సరిగా పట్టకపోతే అద్దం ఊడి ముందుకు పోతుంది, దాంతో పాటే ఎయిర్‌బ్యాగూ దారి తప్పుతుంది. ‘ముంజేతి కంకణానికి అద్దమెందుకు’ అన్నారు పెద్దలు. కారులో కూర్చున్న పిల్లాపాపలకు మాత్రం అద్దం కావాలి, అదీ గట్టిగా అతికినది కావాలి.

ఈ అద్దం పుట్టుకే ఒక చిత్రమైన కథ. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో 1903లో ఒక గాజు ఫ్లాస్కు కింద పడిందట. పగిలింది కానీ ముక్కలు చెదరలేదు. అంతకుముందు అందులో ఉంచిన సెల్యులోజు నైట్రేటు ఎండి, లోపలి వైపు పొరలా అంటుకుని ఉండటమే కారణం. ఆ ఆలోచనతోనే రెండు గాజు పలకల మధ్య పొర పెట్టి 1909లో ఆయన పేటెంటు తీసుకున్నారు. ఇవాళ్టి ముందద్దాలన్నీ ఆ వరస లోనివే. రాయి తగిలితే సాలెగూడులా బీటలు వారతాయి తప్ప ముక్కలు ముఖం మీద పడవు. సాధారణంగా పక్కద్దాల తీరు వేరు. పగిలితే చిన్న చిన్న పలుకులుగా రాలిపోతాయి.

బర్కత్‌పురాలో ఉండే ఒక రిటైర్డు లెక్చరరు దంపతుల సంగతే చూడండి. మనవరాలిని తీసుకుని నల్గొండ నుంచి వస్తుంటే, ముందు పోతున్న టిప్పరు చక్రం కింది కంకర రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. రూపాయి బిళ్ల కంటే చిన్న మచ్చ. ‘ఇదేం చేస్తుందిలే’ అని ఆయన పది రోజులు అలాగే తిరిగారు. మే నెల ఎండకు కాగిన అద్దానికి ఏసీ చల్లగాలి తగిలింది. దానికి ఒక స్పీడు బ్రేకరు కుదుపు తోడైంది. మచ్చ కాస్తా గీతై అద్దం అంచు దాకా పాకింది. తెల్లారితే కర్నూల్లో ఆవిడ మేనకోడలి పెళ్లి!

నాంపల్లి వైపు మొదటి కొట్టులో ‘గంటలో ఇచ్చేస్తాం సార్, చాయ్ తాగి రండి’ అన్నారు. అద్దం ఏ కంపెనీది అంటే ‘అన్నీ ఒకటే సార్’ అని జవాబు. ఆబిడ్స్ సందులో రెండో కొట్టువాడు ధర బాగా తగ్గించాడు. బిల్లు మాటెత్తితే ‘నా మాటే బిల్లు’ అన్నాడు. మూడోది కాచిగూడలోనే, ఇంటికి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు. అక్కడి ముసలి మిస్త్రీ ధర చెప్పలేదు. ముందు డ్రైవరు సీట్లో కూర్చుని చూశాడు. గీత వెంట గోరు పెట్టి నడిపాడు.

“రాయి తగిలిన్నాడే వస్తే చిన్న పనితో పోతుండె సార్. ఇప్పుడు అంచు దాక పోయింది. మార్చాల్సిందే” అన్నాడు. కొత్త అద్దం తెచ్చి, మూలనున్న ముద్రను తలుపు అద్దం మీది ముద్ర పక్కన పెట్టి చూపించాడు.

“సాయంత్రానికి ఇస్తావా?”

“బిగిస్త. బండి మాత్రం ఇయ్య. నా దగ్గరున్న జిగురుకు రాత్రంత కావాలె. పొద్దుగాల్నే హైవే మీదికి పోతమంటున్నరు, పిల్ల గూడ ఉంటదంటున్నరు. ఇయ్యాల కాదు సార్.”

ఆయనకు కోపం వచ్చింది. గంటలో ఇస్తానన్న కొట్టుకే పోదామన్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. “ఏవండీ, పని పోయినా సరేనని చెబుతున్నాడు చూడండి. ఇంతకంటే ఇంకేం చూస్తారు?” అంది. బండి షెడ్డులోనే ఉంది. పొద్దున్నే ముగ్గురూ కాచిగూడ స్టేషన్లో కర్నూలు రైలెక్కారు. నిజాం కాలంలో 1916లో కట్టిన ఆ స్టేషను ఇంటి పక్కనే ఉన్నా, వాళ్లు అక్కడ రైలెక్కి ఏళ్లయిందట. పెళ్లికి కారులో దిగలేకపోయామన్న వెలితి ఆయనకు మహబూబ్‌నగర్ దాటేదాకా పోలేదు. మనవరాలు మాత్రం కిటికీ వదల్లేదు.

గంటలో పని చేసేవాళ్లంతా మోసగాళ్లని కాదు. కొన్ని రకాల జిగుర్లు గంటలోనే తగినంత పట్టు ఇస్తాయి, కొన్నిటికి చాలా గంటలు కావాలి. ఎంతసేపన్నది తయారీదారు చెప్పే మాట, కొట్టువాడి నోటి మాట కాదు. అందుకే జిగురు ట్యూబు చూపించమనాలి, గడువు తేదీ చూడాలి. పాత జిగురును చెక్కేటప్పుడు రంగు లేచిన చోట తుప్పు పట్టకుండా ప్రైమరు రాస్తున్నాడా, అతికే అంచును ఉత్త చేతులతో ముట్టుకుంటున్నాడా అన్నదీ గమనించాలి. మంచి మిస్త్రీ బండి అప్పగించేటప్పుడు ఒక కిటికీ కాస్త దించి ఉంచమంటాడు. తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి పచ్చి అతుకు మీద పడుతుంది మరి! ఒకటి రెండు రోజులు నీళ్ల పైపుతో కడిగించవద్దనీ చెబుతాడు.

అద్దం మూలలో కంపెనీ పేరుతో పాటు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. రోడ్డు వాహనాల అద్దాలకు ఐఎస్ 2553 రెండో భాగం ప్రమాణం. మచ్చ చిన్నదై, అంచుకు దూరంగా, డ్రైవరు చూపుకు అడ్డం కాకుండా ఉంటే అద్దం మార్చక్కర్లేదు. రెజిన్ ఎక్కించి అతినీలలోహిత దీపంతో గట్టిపరుస్తారు. చిన్న జాడ మిగులుతుంది గానీ బీట సాగకుండా చాలావరకు ఆగుతుంది. కొత్త కార్లలో వెనకచూపు అద్దం దగ్గర కెమెరా ఉంటే, అద్దం మార్చాక దాన్ని మళ్లీ సరిచేయించాలి. ఆ పని ఎవరు చేస్తారో ముందే అడగాలి.

ఇక బీమా. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే సొంత అద్దానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే మామూలుగా గాజు భాగాలకు తరుగుదల కోయరు. తప్పనిసరిగా మనిషి భరించాల్సిన మొత్తం మాత్రం ఉంటుంది... 1500 సీసీ దాకా కార్లకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. క్లెయిము చేస్తే 20 నుంచి 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనసు పోవచ్చు. కాబట్టి చిన్న మరమ్మతుకు జేబులోంచి ఇచ్చుకోవడమే లాభం. అద్దం మార్పించేటట్లయితే పాతది ఊడదీయక ముందే బీమా కంపెనీకి ఫోను చేయాలి. జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోవాలి. రేపు నీరు కారినా, గాలి ఈల వేసినా అడిగే హక్కు ఆ కాగితానిదే.

ఇన్ని చూసుకున్నా ఒకటి మిగిలే ఉంటుంది. మిస్త్రీని తొందరపెట్టేది చాలాసార్లు బండి యజమానే. అరగంట తగ్గిస్తే వంద ఎక్కువిస్తానంటారు. పక్క కొట్టులో రెండొందలు తక్కువంటే అటు పోతారు. రోజూ ఇలాంటి బేరాలే వస్తుంటే నిదానంగా పని చేసేవాడు ఎన్నాళ్లని నిలబడతాడు? ‘ఇది మార్చక్కర్లేదు’, ‘ఇవాళ ఇవ్వలేను’ అని చెప్పిన ప్రతిసారీ అతనికి చేతిదాకా వచ్చిన కూలి పోతుంది. ఆ మాట విని ఒక రోజు ఆగే మనిషి ఉంటేనే, అలా చెప్పగలిగే కొట్టు ఆ వీధిలో మిగులుతుంది.