కాగితమే బొమ్మ

మామూలు ఫొటోలో బొమ్మ జెలటిన్ పొరలో ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం ప్రింట్‌లో ఆ పొర లేదు. లోహం నేరుగా కాగితం నారల్లోనే నిలుస్తుంది. అందుకే నాకిక్కడ కెమెరా కంటే కాగితం ఎంచుకోవడమే పెద్ద పని.

ఆ ఎంపికలో ఓ తమాషా ఉంది. కాగితం ఏళ్లతరబడి మన్నాలని మిల్లుల్లో సుద్ద కలుపుతారు. పుస్తకానికది రక్ష, మనకు శత్రువు. వెలుగును పట్టే ఫెర్రిక్ ఆక్సలేట్‌కి ఆమ్లగుణం కావాలి, సుద్ద దాన్ని విరిచేస్తుంది. అందుకే ఆర్చెస్ ప్లాటీన్ లాంటి సుద్ద లేని నూలు కాగితాలు వెతుక్కుంటాం. లేదంటే ఆక్సాలిక్ ఆమ్లంలో నానబెట్టి సుద్దని వదిలిస్తాం.

తర్వాత పూత. చుక్కలు లెక్కపెట్టి పోసి, గాజు కడ్డీతో అటూ ఇటూ లాగాలి. తడి మెరుపు పోయేదాకా ఆగాలి. తొందరపడితే మచ్చలు.

మొదటి ప్రపంచయుద్ధం వల్ల ప్లాటినం కాగితం కరువయ్యాక, చర్చిల ఫొటోలకు పేరుపడ్డ ఫ్రెడరిక్ ఎవాన్స్ ఫొటోగ్రఫీనే వదిలేశాడంటారు. నాకది మొండితనమనిపించదు. మా నాయనమ్మది మిగిలింది ఒక్కటే నెగటివ్. ఇంక్‌జెట్‌లో ఎన్ని కాపీలైనా తీయొచ్చు. కానీ ఆవిడ ముఖం కాగితం మీద కాదు, కాగితంలో ఉండాలని నా ఆశ.