ఎవరి లెక్కలోనూ లేని ఏడు నెలలు

ముప్ఫైరెండేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో అర్జీలు చూసినవాణ్ణి. అర్జీ త్రోసివేయబడడం నాకు వింత కాదు. కాని ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయికి వచ్చిన ఒక ఉత్తరాన్ని మాత్రం మూడుసార్లు చదువవలసి వచ్చింది. ఆమె ఫిర్యాదు అబద్ధమని అందులో లేదు. కౌన్సిల్ చేసినది సబబని కూడా లేదు. విచారించే అధికారం తమకు లేదని మాత్రమే ఉన్నది.

మా మనుమడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉన్నది. అటువంటి పిల్లలకు ప్రత్యేక సహాయం అవసరమని తేలితే, 2014 నాటి పిల్లల, కుటుంబాల చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ ఒక ప్రణాళిక తయారుచేయాలి. ఏ సహాయం, ఎన్ని గంటలు, ఏ బడిలో అన్నది అందులో ఉంటుంది. అందులో వ్రాసిన విద్యాసహాయం సమకూర్చడం కౌన్సిల్‌కు విధి, దయ కాదు. అర్జీ పెట్టిన 20 వారాలలో తుది ప్రతి చేతికి రావాలి. మావాడిది 33వ వారంలో వచ్చింది. అందులో పేర్కొన్నదేమో ముప్ఫైమంది పిల్లలున్న మామూలు తరగతి. గంట మ్రోగితే చెవులు మూసుకొని బల్ల క్రిందికి దూరే పిల్లవాడు అక్కడికి మూడు వారాలు వెళ్ళాడు. తరువాత గుమ్మం దాటలేదు.

ఆ దేశంలో ఇటువంటివారికి రెండు ద్వారాలున్నాయి. నిర్ణయమే తప్పనుకొంటే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. నిర్ణయం సంగతి కాక, ఆలస్యం, అశ్రద్ధ, ఇస్తామన్నది ఇవ్వకపోవడం వంటి పాలనాలోపాలకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. మన లోకాయుక్త వంటి పదవే అనుకోవచ్చు; అయితే అక్కడ లంచం ప్రసక్తి లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. 1974 నాటి స్థానిక పాలన చట్టం ఆ పదవిని సృష్టిస్తూనే దానికి కంచె కూడా వేసింది. ట్రిబ్యునల్‌కు పోయే హక్కు ఉన్న విషయాన్ని అంబుడ్స్‌మన్ మామూలుగా చేపట్టరాదు. హక్కు ఉండీ ఫిర్యాదీ దానిని వాడుకోలేకపోవడానికి సహేతుకమైన కారణం ఉంటే, విచారించే విచక్షణ ఉన్నది. అప్పీలు చేసిన తరువాత ఆ విచక్షణ కూడా ఉండదు.

అమ్మాయి అప్పీలు చేసింది. చేయక తప్పదు, ఆ బడిని మార్పించగలిగేది ట్రిబ్యునలే. తీర్పుకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ పిల్లవాడు ఇంట్లోనే. ఒక్క ఉపాధ్యాయుడూ రాలేదు. అనారోగ్యం వల్లనో, మరే కారణం చేతనో బడికి పోలేని పిల్లలకు వేరే విధంగా చదువు ఏర్పాటు చేయవలసిన బాధ్యత 1996 నాటి విద్యాచట్టం కౌన్సిళ్ళ మీదనే పెట్టింది. ఆ సంగతే అమ్మాయి ఫిర్యాదులో వ్రాసింది.

సమాధానం చట్టరీత్యా సరైనదే. పిల్లవాడు బడికి పోకపోవడానికి కారణం ఆ బడి మీది వివాదమే అయితే, నిర్ణయం తెలియజేసిన నాటి నుంచి అప్పీలు ముగిసే వరకు జరిగిన చదువు నష్టం అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. 2023లో అక్కడి అప్పీలు న్యాయస్థానం కూడా ఆ కంచెను నిలబెట్టింది. ఒకే తగవును ఇద్దరు తూచి రెండు తీర్పులివ్వరాదన్న నియమం అర్థంలేనిది కాదు, నేనూ ఒప్పుకొంటాను. అయితే ట్రిబ్యునల్ ఇకముందు ఏమి చేయాలో చెబుతుందే గాని, పోయిన చదువుకు పరిహారం ఇప్పించలేదు. ఇప్పించమని సిఫారసు చేయగలవాడు ఆ నెలలవైపు చూడరాదు. మా ఆఫీసులో ఇటువంటి కాగితాన్ని ఒక సెక్షను నుంచి మరొక సెక్షనుకు పంపుతూ ఉండేవారు; చివరికి ఏదో ఒక బల్ల మీద ఆగేది. ఇక్కడ ఆగడానికి బల్లే లేదు.

బడి లోపల జరిగినదాని గురించి చెప్పుకొందామన్నా అంతే. పాఠశాలల అంతర్గత వ్యవహారాలు కూడా ఆ కంచెకు అవతలివే. 2009లో కొన్ని ప్రాంతాలలో ఆ అధికారం ఇచ్చే చట్టం చేశారు, 2011లో తీసివేశారు.

ఆ దేశంలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి ఒక పాత గుమాస్తాగా చెప్పగలిగినది ఇది: ఫిర్యాదును తేదీలవారీగా విడదీసి వ్రాయండి. 20 వారాల గడువు దాటిన నాటి నుంచి నిర్ణయం చేతికందే వరకు ఒక భాగం, ఆ తరువాతది వేరొక భాగం. కలగలిపి వ్రాస్తే మొదటిది కూడా రెండవదానితోపాటు కొట్టుకుపోయే ప్రమాదమున్నది. ముందుగా కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయాలి. సంగతి తెలిసిన 12 నెలలలోగా అంబుడ్స్‌మన్‌కు చేరాలి.

అమ్మాయి మళ్ళీ అలాగే వ్రాసింది. 13 వారాల ఆలస్యాన్ని విచారణకు తీసుకొన్నారు, కౌన్సిల్‌ది తప్పన్నారు. చదువు నష్టానికి టర్ముకు 900 నుంచి 2,400 పౌండ్ల వరకు సిఫారసు చేసే పద్ధతి వారికున్నది. ఆ లెక్కన కొంత సొమ్ము వచ్చింది. ట్రిబ్యునల్ చూపిన చిన్న బడిలో తరగతికి ఎనిమిదిమందే. మనుమడు ఇప్పుడు అక్కడికి పోతున్నాడు. గంటకు బదులు అక్కడ దీపం వెలిగిస్తారట. ఆ ఏడు నెలలలో మరచిపోయిన ఎక్కాలు మాత్రం, వచ్చిన సొమ్ముతో, శనివారాలు ఇంట్లో మళ్ళీ మొదటినుంచి చెప్పిస్తున్నారు.