ఏడో గడి

మా ఊరికి కొత్తగా వచ్చేవాళ్లకు తికమక రైలు దిగగానే మొదలవుతుంది. ఊరు ఆమదాలవలస. స్టేషను బోర్డు మీద మాత్రం 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. ఉన్నదొకటి, రాసిందొకటి కావచ్చని మా ఊరివాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ సంగతి నా బుర్రకెక్కడానికి ఓ మామ్మ కావలసి వచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మేం కొందరు మిత్రులం చందాలు పోగుచేసి, అక్కడో పల్లెలో మనిషికో దుప్పటి ఇద్దామనుకున్నాం. కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకొచ్చారు. కంప్యూటరు పని నాకు అప్పజెప్పారు.

డేటాబేస్‌లో మనిషికో వరుస చొప్పున ఎక్కించాను. ఇంటి నంబరు, పేరు, వయసు. నలుగురున్న ఇంటికి అదే నంబరు నాలుగుసార్లు వస్తుంది. పద్ధతి అదే. 1970లో ఐబీఎంలో పనిచేస్తూ ఈ రకం పట్టికలకు పునాది వేసిన ఎడ్గార్ కాడ్, ఒకే గడిలో జాబితాలు కుక్కవద్దన్నాడు. ఇంట్లో బిడ్డ పుడితే కింద ఇంకో వరుస చేరుతుంది, అంతే.

కానీ దుప్పట్లు పంచేవాళ్లకు అలా పనికిరాదు. "ఇంటికో లైను ఉండాలి. అందులోనే అందరి పేర్లూ పక్కపక్కన రావాలి. ఎక్సెల్‌లో తీసివ్వు" అన్నారు. అంటే ఒకరి కింద ఒకరున్న వాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టాలన్నమాట. అందుకు ముందు ఒక్కో ఇంట్లో మనుషులకు 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. ఇల్లు మారగానే మళ్లీ ఒకటి. తరువాత 'ఒకటో మనిషి మొదటి గడిలో, రెండో మనిషి రెండో గడిలో' అని రాసుకుంటూ పోవాలి. ఎన్ని గడులో మనమే చెప్పాలి. ఆరు చాలనుకున్నాను. కాగితం మీద ఆరు పేర్లు ముచ్చటగా సరిపోయాయి కూడా.

పంపకం రోజు ఓ మామ్మ నా ముందుకొచ్చింది.

"నా పేరు నేదేటి బాబూ? నానింకా బతికే ఉన్నాను కదేటి!"

జాబితా తిరగేశాను. కొడుకు, కోడలు, నలుగురు పిల్లలు. ఆరు గడులూ నిండాయి. చివర రాసుకున్న మామ్మకు ఏడో అంకె పడింది. ఏడుకి గడే లేదు. కంప్యూటరు తప్పని కూడా అనలేదు. మామ్మ డేటాబేస్‌లో ఉంది, కాగితం మీద లేదు.

దుప్పట్లు కూడా ఆ కాగితం లెక్కనే కొన్నాం. ఒక్కటీ మిగల్లేదు. మనవరాలు తన దుప్పటి తెచ్చి మామ్మకు కప్పింది. మామ్మ తీసి మళ్లీ పిల్లకే కప్పింది. తిరుగు రైల్లో పలాస నుంచి ఇంటిదాకా నేనెవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి లెక్క చూసుకుంటే మరో నలుగురు అలాగే రాలిపోయారని తేలింది. అప్పటినుంచి రెండు పనులు మానకుండా చేస్తాను. మొదట, అతి పెద్ద ఇంట్లో ఎందరున్నారో డేటాబేస్‌నే అడిగి, అన్ని గడులు పెడతాను. ఆఖర్న, అసలు పట్టికలోని వరుసల సంఖ్యా, ఎక్సెల్‌లో నిండిన గడుల సంఖ్యా సరిపోయాయో లేదో చూస్తాను.

ఈ గొడవంతా ఎందుకు, పేర్లన్నీ కామాలతో ఒకే గడిలో కలిపేస్తే పోలేదా అంటారేమో. అక్కడా గొయ్యి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో అలా కలిపే గ్రూప్ కాన్‌క్యాట్ అనే ఏర్పాటు, మనం మార్చకపోతే 1,024 బైట్ల దగ్గర తెగిపోతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికే కాదు, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మన పేర్లే ముందు తెగుతాయి!

వారం తిరక్కుండా అయిదు దుప్పట్లు పట్టుకుని మళ్లీ వెళ్లాను. మామ్మ దుప్పటి అందుకుంది గానీ కప్పుకోలేదు.

"ఈపాలి నా పేరు రాసినావా బాబూ?" అంది.

కొత్త కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు. గడుల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్లి, చివర ఆగి నా మొహంలోకి చూసింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే మామ్మా."