షల్, మే

జూలై 3

కొత్తగా చేరిన జూనియర్ పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు. మా కక్షిదారుకు సమన్లు అంది తొంభై రోజులు దాటిపోయాయి, రిటన్ స్టేట్‌మెంట్ ఇక వేయలేమట. "రూల్లో షల్ అని ఉంది మేడమ్" అన్నాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 8, రూల్ 1. ఉన్నమాటే. 30 రోజుల్లో వేయాలి, కోర్టు కారణాలు రాసి గడువు పెంచినా 90 మించకూడదు.

స్కూలు గ్రామర్ ప్రకారం ఐ, వీ పక్కన షల్ వస్తే జరగబోయేది. హీ, దే పక్కన వస్తే ఆజ్ఞ. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం నాటి సూత్రం ఇది. రాజ్యాంగ పీఠిక, ప్రమాణ పాఠాల్లాంటివి వదిలేస్తే మన చట్టాల్లో ఐ, వీ ఎక్కడున్నాయి? అంతా ప్రథమ పురుషే. అందుకే అన్నీ ఆజ్ఞలే అనుకుంటారు పిల్లలు.

కైలాష్ కేసు తీసి ముందు పెట్టాను. 2005లో సుప్రీంకోర్టు ఈ షల్ డైరెక్టరీయే, అంటే తప్పనిసరి ఆజ్ఞ కాదు, అంది. గట్టి కారణం చూపిస్తే 90 దాటాక కూడా తీసుకోవచ్చు. కమర్షియల్ దావా అయితే మాత్రం 120 రోజుల తర్వాత దారి లేదని 2019లో అదే కోర్టు తేల్చింది. అక్కడా షల్లే, ఇక్కడా షల్లే. కాకపోతే కమర్షియల్ దావాల కోసం చేర్చిన వాక్యంలో, గడువు దాటితే హక్కు పోతుందనీ, కోర్టు రికార్డులోకి తీసుకోరాదనీ ఫలితం కూడా రాసిపెట్టారు. మామూలు రూల్లో ఆ ముక్క లేదు.

జూలై 6

క్రిమినల్ కేసులో సాక్షిని మళ్లీ పిలిపించమని జూనియర్ పిటిషన్ రాసుకొచ్చాడు. పాత సీఆర్‌పీసీ 311, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 348. ఆ సెక్షన్ మొదటి సగంలో మే, రెండో సగంలో షల్. ఏ దశలోనైనా కోర్టు ఎవరినైనా సాక్షిగా పిలిపించవచ్చు, ఇది మే. న్యాయమైన తీర్పుకు ఆ సాక్ష్యం అత్యవసరమని కోర్టుకు తోస్తే పిలిపించి తీరాలి, ఇది షల్. కుర్రాడు పిటిషన్ మొత్తం మొదటి సగం మీదే నడిపాడు, బతిమాలుతున్నట్టు. ఆ సాక్ష్యం లేకపోతే తీర్పు ఎక్కడ దెబ్బతింటుందో ముందు చెప్పి, రెండో సగం మీదికి తెమ్మన్నాను.

జూలై 11

రాత్రి మన్‌బోధన్ లాల్ కేసు (1957) మళ్లీ చదివాను. రాజ్యాంగం 320(3)లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలన్న చోట ఉన్నదీ షల్లే. అయినా, సంప్రదించలేదన్న ఒక్క కారణంతో ఉద్యోగి మీద తీసుకున్న చర్య రద్దు కాదంది సుప్రీంకోర్టు.

1880లో జూలియస్ కేసులో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకొచ్చిన మాట 'ఇట్ షల్ బీ లాఫుల్'. షల్ ఉన్నా అది అధికారమిచ్చే మాటే, ఆజ్ఞ కాదు అన్నారు. అధికారం వెంట బాధ్యత కూడా ఉంటే ఆ అధికారం వాడి తీరాలనీ అన్నారు. మేని షల్‌గా చదవమని వాదించే ప్లీడర్లు ఆ రెండో మాటనే పట్టుకుంటారు.

చట్టాలు రాసేవాళ్లు షల్ మానేసి మస్ట్ వాడితే వాదనలు సగానికి తగ్గుతాయని నా నమ్మకం. (మా ఫీజులూ తగ్గుతాయి, అది వేరే సంగతి.) అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ రూల్స్‌లో 2007లో షల్‌ను ఏరేశారు. 56వ రూల్‌లో దాని బదులు షుడ్ పెట్టి, 2010లో మళ్లీ షల్‌నే తెచ్చుకున్నారు.