చూచుటకై యెగిరిన విమానములు

విమానములనిన వెఱ్ఱి యభిమానము గలవారము మేము కొందఱము కలము. బందరువారము నలుగురము, గుడివాడవా రిద్దఱు, దివిసీమవా రొకరు. ఆ యొకరు అవనిగడ్డ ప్రాంతమున బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు, మాకందఱకు మాస్టారు. నెలకొక ఆదివారము కూడుకొందుము. కూడిన పిదప వాదము తప్పదు. వేగము గలదియే మేలైన విమానమని యొకరు, బరువు మోయునదియే మేలని మఱొకరు. వింతరూపములయందు మాకందఱకును మక్కువ హెచ్చు. తోకలేనివి, తోక ముందునకు వచ్చినవి, పడవకడుపు గలవి, ఇట్టివాని బొమ్మలను చూచుచు పూటలకు పూటలు గడపుదుము. మా యిండ్లలోనివారు దీనిని పనిలేని పని యందురు. ఆ మాట కొంతవఱకు నిజమే.

ఒకనాడు వాదము జర్మనీవారి బ్లోమ్-ఫోస్ 141 అను విమానముమీద నడచెను. విమానమనగా నడుమ నొక దేహము, ఇరుప్రక్కల సమానమైన యమరిక యుండుట లోకసామాన్యము. దీనియం దట్లు గాదు. ఎడమవైపున నున్న పొడుగాటి దేహమునకు ముందు యంత్రము, వెనుక తోక. మనుష్యులు కూర్చుండు అద్దాల గది మాత్రము కుడివైపున రెక్కమీద వేఱుగా నున్నది. కావడివాడు ఒక కుండలో ఇనుమును, రెండవ కుండలో మనుష్యులను పెట్టుకొని నడచినట్లుండును. బొమ్మ చూచినవారెవ్వరును ఇది యెగురునని నమ్మరు. కాని 1938 ఫిబ్రవరి 25వ తేదీని అది యెగిరెను. గాలిమర తిరుగుటవలన గలుగు లాగుడును, ప్రక్కగది బరువును ఒకదాని నొకటి కొంతవఱకు సరిపుచ్చుకొనెను. దానిని రూపించిన రిచర్డు ఫోక్ట్ అంతకు పూర్వము జపానులో కవసాకి కర్మాగారమున పదేండ్లు పనిచేసిన శిల్పి. ఆయన యీ వంకర యేల కల్పించెను? యంత్రము ముక్కునందున్నచో దాని చాటున నేల కనబడదు. యంత్రమును ప్రక్కకు నెట్టినచో క్రిందనున్నది చక్కగా కనబడును. శత్రువుల కదలికలను చూచి వచ్చుటకై కట్టిన విమాన మది. ముప్పదికి మించి కట్టలేదు. సైన్యమువారు జంటతోకల ఫోకె-వుల్ఫ్ 189ని కైకొనిరి.

గుడివాడ కుఱ్ఱవాడు నవ్వి, “ఇంతచేసి వేగమా లేదు, పెద్ద బాంబులా లేవు. వట్టి చూపుకేనా మాస్టారూ యీ శ్రమయంతయు?” అనెను.

“చూపు వట్టిదా నాయనా? డెబ్బదియేడులో మాకు లేనిది అదియేగదా,” అనిరి మాస్టారు.

ఎవ్వరును మాఱు పలుకలేదు. ఆ యుప్పెనలో ఆయన తల్లిని, ఇద్దఱు చెల్లెండ్రను పోగొట్టుకొనిరని మే మెఱుగుదుము. ఆయన నోట ఆ ప్రసంగము వచ్చుట మాత్రము మే మదివఱకు వినలేదు. 1977 నవంబరు 19వ తేదీని సముద్రము లేచి దివిసీమ పల్లెలమీద పడినప్పుడు పదివేలమంది ప్రాణములు పోయినవి. తుఫాను వచ్చుచున్నదను మాట కొందఱి చెవిని బడినను, తాటిచెట్టులో సగమెత్తు నీరు వచ్చునని లంకలలో ఎవ్వరనుకొనిరి? మా బందరునకును ఇది క్రొత్త గాదు. 1864 నవంబరు 1వ తేదీ యుప్పెనలో ఇక్కడను, చుట్టుప్రక్కలను సుమారు ముప్పదివేలమంది నశించిరి.

నాటినుండి మా వాదము త్రోవ మఱలినది. చూచుటకై యెగిరిన విమానములను లెక్కింపసాగితిమి.

మొదట మాకు స్ఫురించినది కాటలీనా. నీటిమీద దిగునట్టిది, వేగము తక్కువ, గంటలకొలది గాలిలో నిలువగల యోపిక హెచ్చు. 1942 ఏప్రిల్ 4వ తేదీని సింహళమునకు దక్షిణముగా కెనడావారి కాటలీనా యొకటి ఒంటరిగా తిరుగుచుండెను. దాని నాయకుడు లియొనార్డు బిర్చాల్. దిఙ్మండలమున చుక్కలవలె ఓడలు కనబడగా, తప్పించుకొని పోవుటకు మాఱు దగ్గఱకు పోయి చూచెను. అది జపాను నౌకాదళము. ఆ వార్తను నిస్తంత్రిమీద పంపుచుండగనే జపాను విమానములు దానిని కూల్చినవి. తొమ్మండుగురిలో ఆర్గురు మాత్రము బ్రతికి బందీలైరి. మఱునాడు ఈస్టరు ఆదివారము. కొలంబోమీద దాడి జరిగెను. కాని యప్పటికే పెక్కు ఓడలు రేవు విడిచి పోయియుండెను.

ఆ మఱునాడు మన తీరమునకు వంతు వచ్చినది. ఏప్రిల్ 6వ తేదీని ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ నౌకయు వింతలలో నొకటియే. దాని పైతట్టున గది గాని గోపురము గాని లేక బల్లపఱుపుగా నుండెడిది; నడపువారు ఆ బల్ల ముందంచు క్రిందనుండి చూచుకొనవలసినదే. 1942 ఆగస్టు 24వ తేదీని సాలమను దీవులకడ అది మునిగెను.

మాస్టారికి మిక్కిలి నచ్చినది వేఱొక కథ. 1943 జూలై 27వ తేదీని అమెరికాలో టెక్సాసు తీరమునకు గొప్ప తుఫాను వచ్చెను. జలాంతర్గాముల భయముచేత సముద్రమున నున్న ఓడలు నిస్తంత్రిని వాడక మౌనము వహించియుండుటవలన హెచ్చరిక సరిగా అందలేదు. ఆనాడు జోసెఫ్ డక్‌వర్తు అను సైనిక విమానశిక్షకుడు, విద్యార్థులకు నేర్పు ఒంటియంత్రపు చిన్న విమానమును దీసికొని, రాల్ఫ్ ఓహేర్ అను సహచరునితో తుఫాను నడుమకు దూసికొనిపోయెను. పందెము కాచి పోయెనని చెప్పుదురు. తుఫాను కంటిలో ఆకాశము తేటగా నుండెనట. తిరిగివచ్చి దిగగానే వాతావరణాధికారి తన్నును తీసికొనిపొమ్మనగా, మరల నెక్కించుకొని పోయెను! తుఫానులను వెదకికొని పోవు సైనిక విమానముల చరిత్ర కిదియే నాంది. 2010 నాటికి పైలట్ లేని గ్లోబల్ హాక్ అను గూఢచారి విమానమును సైతము అమెరికావారు తుఫానులమీదికి పంపిరి. యుద్ధమునకు పుట్టినది వానను చూడబోవుట మాకు ముచ్చటగా తోచినది.

ఆ పిదప మాస్టారిని వెంటగొని విశాఖ పోయితిమి. అక్కడి సముద్రతీరమున 2017 డిసెంబరునుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న టుపోలెవ్ 142 కూడ చూచు విమానమే. మన నౌకాదళమున 29 సంవత్సరములు ప్రమాద మొక్కటియు లేక సముద్రమును గాలించినది. యంత్రములు నాలుగు, ఒక్కొక్క యంత్రమునకు ఎదురెదురుగా తిరుగు రెండేసి గాలిమరలు. మేము ఱెక్కల లెక్కలలో మునిగియుండగా, మాస్టారు లోపల పరికరముల నడుమ చాలసేపు నిలిచి, ఇక్కడివారు గంటలకొలది దేనిని చూచుచు కూర్చుండిరని యడిగిరి.

మా యూరికిని చూపుతో సంబంధము కలదు. 1926లో బందరున నెలకొన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్రపరికరములు చేసెను. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తీసికొనిరి. చీకటిలో చూచు సాధనములు మన సైనికుల కిక్కడనుండియు పోవుచున్నవి. ఇక నాగాయలంకకడ క్షిపణి పరీక్షాకేంద్రమునకు 2025 మే 2వ తేదీని శంకుస్థాపన జరిగినది. అస్త్ర మెగురునది కొద్ది నిమిషములే. దానిని వెంబడించి చూచు రాడార్లును, కెమెరాలునే యచ్చట ముఖ్యము. తమ సీమకు ఇన్ని కన్నులు వచ్చుచున్నవని విని, మాస్టారు, “మడయడవులు కొట్టకుండ చూచినచో మఱియు మేలు,” అనిరి. ఉప్పెన వేగమును మొదట తగ్గించునవి ఆ చెట్లేగదా.

గుడివాడ కుఱ్ఱవా డిప్పుడు జీలుగుబెండుతో బ్లోమ్-ఫోస్ బొమ్మ చేసియున్నాడు. వదలిన ప్రతిసారి యంత్రమువైపునకే ఒఱగి పడుచుండెను. మొన్న మాస్టారు అద్దాల గదిలో రూపాయిబిళ్ల యొకటి మైనముతో అంటించిరి. అది వసారా దాటి, గన్నేరుచెట్టు మీదుగా పోయి, గోడకవతలివారి దొడ్డిలో దిగినది.