సంఘసేవా విద్యయు, మా యింటి లెక్కయు

ఆడుపిల్లకు బి.ఏ. ముగిసిన పిమ్మట నింటిలో సాధారణముగా వినబడు మాటలు మూడు: పెండ్లి, బి.యెడ్., బ్యాంకు పరీక్ష. ఈ మూటిలో నేదియు గాక, "ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతాను" అని పిల్ల పలికినచో, ఆ యక్షరముల యర్థము తెలిసికొనుటకే పెద్దలకు కొన్ని దినములు పట్టును. మా యింట నట్లే జరిగినది. మా ఆడుబిడ్డకు సంఘసేవా విద్యలో పట్టము గావలెనను కోరిక కలిగినది. మామగారు లేరు, మావారు బడిపంతులు. కావున చదువును నిర్ణయించుటయు, దానికి సొమ్ము గూర్చుటయు మా పాల బడినవి. మేము కళాశాలలకు బోయి పట్టము లందినవారము గాము. తండ్రిగారి యొద్ద భారత భాగవతములును, కొన్ని ప్రబంధములును జదివికొన్నవారము. ఐనను రెండు నెలలు ప్రకటన పత్రములను, బ్యాంకు కాగితములను జదివి చదివి కొంత తెలిసికొంటిమి. ఇట్టి కోరిక గల పిల్ల వేరొక యింటను ఉండవచ్చును గదా యని దీనిని వ్రాయుచున్నాము.

"సేవ చేయడానికి చదువెందుకే? దానికి మళ్ళీ జీతమా?" అని మా యత్తగారు మొదటి దినముననే యడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. రంతిదేవుడు నలువది యెనిమిది దినములు పస్తుండి, దొరకిన యన్నమును, నీటిని వచ్చినవారి కెల్ల బెట్టినది ఏ పరీక్షయు వ్రాసి గాదు. కాని నాలుగేండ్ల క్రిందట మామగారు పట్టణపు టాసుపత్రిలో మూడు వారము లుండిరి. వైద్యులు రోగమును జూచిరి. మందులకొట్టువాడు చీటిని జూచెను. అత్తగారు రాత్రులు ఎక్కడ బండుకొనుచున్నారో, ప్రభుత్వ సహాయపు కాగితములో ఏ సంతకము తక్కువైనదో, ఇంటికి దీసికొనిపోయిన పిదప వీపున బుండ్లు పడకుండ నెట్లు త్రిప్పి పరుండబెట్టవలెనో, వీనిని జూచినది యొక్క స్త్రీ. ఆమె డాక్టరు గాదు, నర్సు గాదు. ఆమె బల్లమీద మెడికల్ సోషల్ వర్కర్ అను పలక యుండెను. మామగారు దక్కరని మమ్ము గూర్చుండబెట్టి, మెల్లగా, తేటమాటలలో జెప్పినదియు నామెయే. అప్పటికి ఇంటరు చదువుచున్న మా ఆడుబిడ్డ ఆ పలకను మరువలేదు.

రంతిదేవుడు పెట్టినది తన యన్నము. ఆ స్త్రీ మాకు దన సొమ్ము కాసైన నీయలేదు. మాకు రావలసిన దానిని రప్పించినది. అందుకు చట్టము తెలియవలెను, రోగము తెలియవలెను, ఏడ్చుచున్నవారితో మాటలాడుట తెలియవలెను. ఇవి నేర్పిన గాని రావని మేము అత్తగారితో నంటిమి. ఆమె యేమియు ననలేదు.

ఈ విద్య మన దేశమున నిన్న మొన్న బుట్టినది గాదు. 1936లో బొంబాయి నగరమున సర్ దొరాబ్జీ టాటా పేర నొక విద్యాలయము వెలసినది. నాగపాడాలో బీదల నడుమ పనిచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను నమెరికా దేశీయుడు దానికి మొదటి డైరెక్టరు. 1944లో దానికి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అను పేరు వచ్చినది. తరువాత ఢిల్లీలోను, 1952లో మద్రాసులోను ఇట్టి పాఠశాలలు బయలుదేరినవి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసులో ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి, 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి మొట్టమొదటి యధ్యక్షురా లైరి. ఈ పేరు విన్నప్పుడు మా యత్తగారు కొంచెము మెత్తబడిరి. వారి పుట్టినిల్లు రాజమండ్రియే లెండి.

ఇక విద్యాలయమును ఎన్నుకొనుట. చదువు రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. పట్టము పేరు అంతటను ఒకటియే యైనను లోపలి సరుకు వేరు. ఒకచోట ఆసుపత్రి, మానసిక వైద్యములకు సంబంధించిన శాఖ. ఒకచోట కుటుంబ శిశుసంక్షేమము. ఒకచోట గ్రామ, పేటల యభివృద్ధి. పెక్కుచోట్ల కార్మిక సంక్షేమము. ఈ కడపటి దానికొక కారణము కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 500 మందియు అంతకు బైబడియు పనివాండ్రు గల కార్ఖానాలో సంక్షేమాధికారి యుండవలెనని విధించినది. అందుచేత ఈ పట్టము పుచ్చుకొని కార్ఖానాలలో ఉద్యోగుల వ్యవహారములు జూచువారు మెండైరి. ఆసుపత్రి పలకను దలచికొని చేరిన పిల్ల, ఆ శాఖ లేనిచోట జేరినచో, జీతపు పట్టికలు నేర్చికొని బయటికి వచ్చును. కావున మొదట శాఖను విచారింపవలెను. వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్లు సంఘసేవకు లందరికిని దేశమంతటికి నొక నమోదు మండలి లేదు. 2021లో వచ్చిన యొక చట్టము మాత్రము ఆసుపత్రులలోను, మానసిక వైద్యములోను పనిచేయు సంఘసేవకులను వైద్యానుబంధ వృత్తులలో జేర్చినది.

రెండవది క్షేత్రకార్యము. వారమున కించుమించుగా రెండు దినములు విద్యార్థిని ఆసుపత్రికో, బాలసదనమునకో, పేటకో పోయి, పెద్దల పర్యవేక్షణలో పనిచేసి, చేసినదానిని వ్రాసి చూపవలెను. ఈ విద్యకు ప్రాణ మిదియే. మేమును మావారును ఒక ప్రైవేటు కళాశాలకు బోయి, పిల్లల నెక్కడికి బంపుదురని యడిగితిమి. ఆ గుమాస్తా నవ్వి, "రికార్డు పుస్తకాలు మేమే ఇస్తామండీ, చూసి రాసుకుంటే చాలు" అనెను. రుసుము తక్కువయే. మేము మారుమాట లేక బస్సెక్కితిమి.

పిల్ల రెండు ప్రవేశ పరీక్షలు వ్రాసినది: ముంబయి విద్యాలయము కొఱకు అఖిల భారతమున జరుగు పరీక్ష యొకటి, మన రాష్ట్ర విశ్వవిద్యాలయముల కొఱకు జరుగు పరీక్ష యొకటి. రెంటను ఆశ గలిగినది. మావారు ముంబయి వైపే మొగ్గిరి. ఆ పేరు చెప్పిన నుద్యోగము దొరకుననిరి. మాకు వేరు తలంపు గలిగినది. ఈ విద్యలో పనిముట్టు మాటయే గదా. మా పిల్లకు హిందీ అంతంత మాత్రము, మరాఠీ సున్న. అక్కడి మురికివాడలో గూర్చుండి యొక తల్లి కష్టమును వినవలసినచో, ఆ తల్లి పలికిన దానిలో సగ మెక్కడ బోవును? మావారి మాటయు నిజమే. పేరునకు విలువ యుండును. రెండు రాత్రులు వాదించుకొంటిమి. తుదకు పిల్లయే విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమును గోరుకొనినది. సొమ్ము విషయము ఆమె మనసులో లేదని మే మనజాలము. తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను ఈ విద్య కలదు. ఇల్లు విడువలేని గృహిణులకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యగా నేర్పుచున్నది. అందును క్షేత్రకార్యము తప్పదు.

ఈ నడుమ కాకినాడ నుండి యొక సంబంధము వచ్చినది. వరుని తల్లి, అమ్మాయి ఆసుపత్రుల వెంటను, జెయిళ్ళ వెంటను దిరుగుట తమకు సమ్మతము గాదనియు, బి.యెడ్. చదివినచో మాటలాడుకొందమనియు కబురంపినది. పిల్ల "వద్దు వదినా" అని మాతో జెప్పినది గాని, తల్లితో జెప్పుటకు భయపడినది. మేము చెప్పితిమి. ఈ యాలోచన మేమే తలకెక్కించితిమని అత్తగారు నాలుగు దినములు మాతో మాటలాడలేదు. వంటింట ఉప్పు డబ్బా కావలసినను మనుమని చేత నడిగించిరి.

సొమ్ము మాట. హాస్టలు, భోజనము, రుసుములు, పరీక్షలు, క్షేత్రకార్యమునకు బస్సు ఛార్జీలు, ఒక ల్యాప్‌టాపు. అన్నియు గలిపి రెండేండ్లకు మా యంచనా మూడు లక్షల నలువది వేలు. పెండ్లికై మామగారు వేసిన డిపాజిట్టు నాలుగు లక్షలు కలదు. దానిపై వచ్చు వడ్డీ కంటె విద్యాఋణముపై గట్టు వడ్డీ యెక్కువ; లెక్క ప్రకారము డిపాజిట్టునే తీయవలెను. అత్తగారు "అది మీ నాన్నగారి చేతి డబ్బు, ముట్టుకోవద్దు" అనిరి. మావారు తల్లిమాట కెదురాడలేదు. ఇది లెక్కకు లోబడు సంగతి గాదని మేమును ఊరకుంటిమి.

2024 నవంబరులో అనుమతింపబడిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకమున, ఏడాదికి 8 లక్షల లోపు కుటుంబాదాయము గలవారు ఎన్నికైన విద్యాసంస్థలలో జదివినచో, 10 లక్షల వరకు గల ఋణముపై చదువుకాలమునను దాని వెంటనుండు విరామకాలమునను 3 శాతము వడ్డీ రాయితీ కలదు. మావారి యాదాయ మా గీతను గొంచెము దాటినందున మాకది దక్కలేదు. సాధారణ విద్యాఋణము మూడు లక్షలు తీసికొంటిమి. 4 లక్షల వరకు తాకట్టు అడుగరు. కొన్ని బ్యాంకులు ఆడుపిల్లలకు అర శాతము వడ్డీ తగ్గించుచున్నవి; అడిగినగాని చెప్పరు, కావున నడుగవలెను.

ఒక చిక్కును గూడ జెప్పవలెను. విద్యాఋణపు వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో దీసివేయు సౌకర్యము తనకో, భార్యాభర్తలలో నొకరికో, బిడ్డలకో, తాను చట్టరీత్యా సంరక్షకుడైన విద్యార్థికో తెచ్చిన ఋణమునకే కలదు. చెల్లెలి చదువునకు గట్టు అన్నకు లేదు; పన్ను క్రొత్త పద్ధతి నెన్నుకొన్నవారి కసలే లేదు. కావున ఋణము పిల్ల పేరనే యుండుట మేలని యెంచితిమి. అన్నగారు తోడు సంతకము చేసిరి. చదువుకాలమున వడ్డీని నెలనెలా మావారే కట్టుచున్నారు. లేనిచో నది అసలున గలియును. అసలు మూడు లక్షలు, వడ్డీ తొమ్మిదిన్నర శాతము, ఏడేండ్లు వాయిదాలు. నెలకు సుమారు 4,900 రూపాయలు. మొత్తము వడ్డీ లక్షా పన్నెండు వేలకు లోపల. ఈ వృత్తిలో తొలి జీతములు పెద్దవి గావు. "నీ మొదటి జీతములో ఇది పోగా నేమి మిగులునో వ్రాసి చూపు" మని పిల్లను గూర్చుండబెట్టి వ్రాయించితిమి. వ్రాసి, చూచి, చేవ్రాలు చేసినది.

ఋణము చాలని నలువది వేల కొఱకు మేము మా చేతి గాజుల జత తీయబోగా, అత్తగారు కుటుంబ పింఛనులో గూడబెట్టిన నోట్లను పసుపుగుడ్డలో ముడివేసి పీటమీద బెట్టి, పలుకకయే పెరటిలోనికి బోయిరి. ముప్పదియెనిమిది వేలున్నవి.

ఇప్పుడు పిల్ల రెండవ సెమిస్టరులో నున్నది. వారమున రెండు దినము లొక ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగమున బనిచేయుచున్నది. రాత్రి ఫోనులో దల్లితోనే యెక్కువ మాటలాడును. మాకు వ్రాతపని చదివి వినిపించును. ఈ నెల లెక్కలో మే మూహింపని పద్దులు రెండు చేరినవి: ఒక గొడుగు, తిరిగి తిరిగి అరిగినవాని స్థానమున నొక చెప్పుల జత.