గాజు పెట్టి గీసిన చక్రం

మీ పిల్లల రఫ్ నోటుపుస్తకాన్ని ఎప్పుడైనా వెనకనుంచి తెరిచి చూశారా? ముందు పేజీల్లో ఇంటిగ్రేషన్లూ, కెమిస్ట్రీ సమీకరణాలూ ఉంటాయి. చివరి పేజీల్లో వేరే లోకం ఉంటుంది. కొందరు హీరోల బొమ్మలేస్తారు. కొందరు సంతకం ప్రాక్టీసు చేస్తారు. ఇంకొందరు కార్లు గీస్తారు. షోరూముల్లో దొరికే కార్లు కావు, ఇంకా పుట్టని కార్లు!

దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి పుస్తకాలకు కొదవ లేదు. ఎప్‌సెట్ మొదలు గ్రూప్స్ దాకా ఏ పరీక్షకు కోచింగ్ కావాలన్నా ఇక్కడికే వస్తారు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా సందుసందుకీ హాస్టళ్లే. పొద్దస్తమానం పాఠాలు విన్న చెయ్యి కాస్త తీరిక దొరికితే ఊరుకోదు కదా!

నేను ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఆ సంగతి తెలిసి మా అపార్ట్‌మెంట్ పిల్లలు నలుగురైదుగురు ఆదివారం పొద్దున్నే కాగితాలు పట్టుకుని వస్తారు. వాళ్లకు మొదట చెప్పేది ఒక్కటే. చక్రంతో మొదలుపెట్టండి. వృత్తలేఖిని అక్కర్లేదు, అమ్మ గాజు చాలు. గాజు పెద్దదైతే రూపాయి బిళ్ల. రెండు చక్రాల మధ్య దాదాపు మూడు చక్రాలు పట్టేంత ఎడం వదిలితే మామూలు సెడాన్ కారు రూపం వస్తుంది. ఎత్తు రెండు చక్రాలు, ఇంకాస్త. ఈ లెక్క తప్పితే ఎంత షోకు చేసినా అది బొమ్మకారులాగే ఉంటుంది.

పిల్లల మొదటి కారు ఎప్పుడూ నేలకు అతుక్కుపోయే ఉంటుంది. పామును తొక్కినట్టు చదునుగా. 'ఇందులో డ్రైవరు పడుకుని నడపాలా నాన్నా?' అంటే పకపకా నవ్వుతారు. అందుకే ముందు మనిషిని కూర్చోబెట్టి, ఆ తర్వాతే పైకప్పు వెయ్యమంటాను.

కొలతల్లో ప్రభుత్వం కూడా ఓ గీత గీసింది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. ఇంజను సైజుకూ పరిమితి పెట్టారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ నాలుగు మీటర్ల గీత చెరిగిపోలేదు. 2012లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ వెనకభాగం కత్తిరించినట్టు పొట్టిగా ఉండేది, గుర్తుందా? దాని పొడవు సరిగ్గా 3,995 మిల్లీమీటర్లు. ఐదు మిల్లీమీటర్లు మిగిల్చారు! ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. కారు అందం వెనక పన్నుల లెక్క కూడా ఉంటుందని వాళ్లకు ఎవరు చెబుతారు?

వచ్చేవాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది. తను గీసేది పడవలాంటి కారు. ఎందుకంటే, 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వీధులు నీళ్లలో మునిగినప్పుడు వాళ్లుండేది అక్కడే. 'తాతయ్యా, వానలో ఆగిపోని కారు గియ్యాలి' అంటుంది. ఆగడానికి కారణం చెప్పాను. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు వెళ్తే, గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కలేక లోపలి కడ్డీ వంగిపోతుంది. గొట్టం ఎత్తులో పెట్టినా నీళ్లు రెండడుగులైతే కారు తేలి కొట్టుకుపోవచ్చు. అలాగైతే తేలినప్పుడు నడిపే ఏర్పాటే ఉండాలి కదా అంది. ఉంది. 1960లలో జర్మనీలో యాంఫీకార్ అని నీళ్లలోనూ నడిచే కారును తయారుచేసి అమ్మారు. అది విన్నాక ఆ పిల్ల తన కారుకు వెనక రెండు ఫ్యాన్లు చేర్చింది.

ఇదంతా బాగానే ఉంది. చిక్కల్లా ఇంటర్ ఎంపీసీ చదివే కుర్రాడి విషయంలో వచ్చింది. కొత్తపేటలో వాళ్ల నాన్నకు చిన్న బట్టల కొట్టు. మదీనా నుంచి సరుకు మూటలు స్కూటరు మీదే తెచ్చుకుంటాడు. ఓరోజు రాత్రి ఆయన నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

'మీరన్న జెర చెప్పుండ్రి సార్. పరీక్షలు దగ్గరపడ్డయి. వీడు కార్ల బొమ్మలు గీసుకుంట కూసుంటున్నడు. ఇవి ఏమన్న కూడు పెడ్తయా?'

ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యలేం. మూట మోసేవాడి భయం అది. లక్షలు పోసి చదివిస్తున్న ఏ తండ్రికైనా ఉండే భయమే. నాకు తెలిసిన నాలుగు సంగతులు ఆయన ముందు పెట్టాను.

మొదటిది మన ఊరిదే. జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధాకార్స్ మ్యూజియం ఉంది. బూటు, కెమెరా, క్రికెట్ బంతి, బర్గర్, హ్యాండ్‌బ్యాగ్... ఏ ఆకారం తలిస్తే ఆ ఆకారంలో నడిచే కార్లను సుధాకర్ యాదవ్ తుక్కు సామాన్లతో తయారుచేశారు. ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల పైమాటే. 2005 జులై 1న హైదరాబాద్ రోడ్డు మీద దాన్ని తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. చిన్నప్పటి సరదా 2010లో మ్యూజియం అయింది.

రెండోది అమెరికాది. జనరల్ మోటార్స్ వాళ్ల ఫిషర్ బాడీ సంస్థ 1930లో కుర్రాళ్లకు పోటీలు మొదలుపెట్టింది. తొలుత గుర్రపు బగ్గీ నమూనాలు, తర్వాత కలల కార్ల నమూనాలు చెయ్యమనేవారు. గెలిస్తే చదువుకు స్కాలర్‌షిప్. 1968 దాకా అది నడిచింది. 1947లో గెలిచిన చార్లెస్ జోర్డన్ అనే కుర్రాడు 1986లో ఆ జనరల్ మోటార్స్‌లోనే డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు.

మూడోది రతన్ టాటాది. స్కూటరు మీద ముందు పిల్లాడు, వెనక భార్య, మధ్యలో ఇంకో బిడ్డ... ఇలా వెళ్లే కుటుంబాలను చూసి ఆయన ఖాళీ సమయాల్లో బొమ్మలు గీసేవారట. మొదట స్కూటరునే భద్రంగా మార్చాలని చూశారు. ఆ గీతలు తలుపుల్లేని బగ్గీ మీదుగా వెళ్లి చివరకు నానో అయ్యాయి. 2008 జనవరిలో దాన్ని ఢిల్లీలో చూపించారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు, తయారీ పదేళ్లకు ఆగింది. అయినా స్కూటరు మీది నలుగురిని చూసి పెన్ను తీసిన మనిషి ఉన్నాడన్నది ఎక్కడికీ పోదు.

నాలుగోది ఆయనకు పనికొచ్చేది. 2011లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 500 డిజైన్‌కు సారథ్యం వహించింది రామ్‌కృప అనంతన్ అనే మహిళ. ఆమె బిట్స్ పిలానీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ తర్వాత ఐఐటీ బొంబాయిలో డిజైన్ చదివారు. అంటే లెక్కలూ బొమ్మలూ సవతులేం కావు. డిజైన్ చదువుకూ ప్రవేశపరీక్షలున్నాయి. ఇంటర్ తర్వాత యూసీడ్, డిగ్రీ తర్వాత సీడ్. అహ్మదాబాద్ ఎన్ఐడీకి వేరే పరీక్ష.

ఇంత చెప్పి ఇంకోమాటా అన్నాను. సీట్లు తక్కువ. గీసే పిల్లలందరూ డిజైనర్లు కారు. మీవాడు అవుతాడని నేను హామీ ఇవ్వలేను. కానీ గీసేటప్పుడు వాడు కొలుస్తున్నాడు, చెరుపుతున్నాడు, మళ్లీ గీస్తున్నాడు. జవాబు ముందే ఉన్న లెక్కలు కోచింగ్‌లో బోలెడు చేస్తున్నాడు. జవాబు తనే వెతుక్కునే లెక్క ఇదొక్కటే. పరీక్షలయ్యేదాకా ఆదివారం ఒక గంట ఇవ్వండి, చాలు.

ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. పుస్తకం మాత్రం నా బల్లమీద వదిలి వెళ్లాడు.

మొన్న ఆదివారం వాడు గీస్తుంటే ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. రేసు కారులా పైకప్పు వెనక్కి జారిపోతున్న బొమ్మ. చాలాసేపు చూశాడు. అప్పుడు అడిగాడు.

'గింత సన్నగ గుంజితె బట్టల మూట యాడ పెట్టాలెరా?'

కుర్రాడి దగ్గర జవాబు లేదు. నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. వాడు రబ్బరు తీసుకుని వెనకభాగమంతా చెరిపేశాడు. పైకప్పును నిటారుగా చివరిదాకా లాగాడు, తలుపు పైకి లేచేలా మార్చాడు. తండ్రి వంగి కాగితం మీద వేలు పెట్టాడు.

'ఇంకో జానెడు ఎత్తు జెయ్యి. మూట అడ్డంగ పడ్తది.'